రచ్చబండ నుండి గుడి అరుగు వరకు

శతవార్షికోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాసి పంపవలసినదిగా సంపాదక వర్గము వారు కోరినప్పుడు ఏమి వ్రాయవలెనా అని మేము కొంత ఆలోచనలో పడ్డాము. మిషనెరీల రాక, బడులు, ఆసుపత్రులు, గుడుల నిర్మాణము, అధ్యక్షుల పరిచర్య, వీటిని గురించి మాకంటె బాగుగా తెలిసిన పెద్దలు ఈ సంచికలోనే వ్రాస్తారు. మేము ఆ పెద్ద విషయముల జోలికి పోక, మన సంఘములలో ప్రతి వారము జరుగుచున్నను ఏ వార్షిక నివేదికలోను అంకెగా ఎక్కని ఒక పనిని గురించి వ్రాయదలచాము. అది తగవు తీర్చుట.

వేదాంత కళాశాలలో మాకు హెబ్రీ, గ్రీకు భాషలు, సంఘ చరిత్ర, ప్రసంగ విధానము నేర్పించారు. ఇద్దరు అన్నదమ్ములు పొలము గట్టు మీద కర్రలు పట్టుకొని నిలబడినప్పుడు పాస్టరు ఏమి చేయవలెనో ఏ పాఠములోను లేదు. గురుత్వాభిషేకము పొంది మొదటి పాస్టరేటుకు వెళ్ళిన క్రొత్తలోనే మాకు ఆ పరీక్ష వచ్చింది. ఒక పల్లెలో ఇద్దరు అన్నదమ్ములకు గట్టు మీది చింతచెట్టును గూర్చి తగవు. నాయన నాటిన చెట్టు నాదని అన్న, చెట్టు ఉన్న గట్టు నాదని తమ్ముడు. మూడు సంవత్సరములుగా ఒక కుటుంబము గుడికి వస్తే రెండవ కుటుంబము రాదు. సంస్కారపు ఆరాధన నాడు ఇద్దరూ రారు. మాకు అప్పటికి ముప్పది ఏండ్లు నిండలేదు. ఉత్సాహము ఎక్కువ, అనుభవము తక్కువ. ఒక ఆదివారము క్షమాపణను గురించి గట్టిగా ప్రసంగించి, ఆరాధన ముగియగానే ఇద్దరినీ ముందుకు పిలిచి, సర్వేయరు కొలత ప్రకారము చెట్టు తమ్మునిదని చెప్పి, చేతులు కలిపించి, ప్రార్థన చేశాము. సంఘమంతా సంతోషించింది. మేము కూడ సంతోషించాము. మూడు వారములు గడవక ముందే ఒక రాత్రి ఆ చెట్టు కొమ్మలు సగము నరికి పడవేయబడ్డవి.

మేము చెప్పిన తీర్పు తప్పు కాదు. సర్వే రాళ్ళు అదే చెప్పుచున్నవి. అయినను తగవు తీరలేదు, ముదిరింది. ఎందుకు? ఈ ప్రశ్నతోనే మేము పాత పుస్తకములు, పాత మినిట్సు తిరగవేయుట మొదలు పెట్టాము. చదివినకొద్దీ మాకు తెలిసిన సంగతి ఏమనగా, మేము చేసిన పొరపాటు మాతో పుట్టినది కాదు, రెండు వందల ఏండ్ల క్రిందట మన తెలుగు జిల్లాలలో గొప్ప గొప్ప వారు చేసినదే.

ముందుగా మాటను చూద్దాము. నేడు తగవు అంటే మనకు కొట్లాట. పాత తెలుగులో తగవు అంటే తగినది, న్యాయమైనది అని కూడ అర్థము. న్యాయము తెలిసి చెప్పువానిని తగవరి అనేవారు. జగడమునకు, జగడము తీరు మార్గమునకు మన భాష ఒకే మాటను వాడింది. రచ్చబండ అన్నమాట కూడ అటువంటిదే. ఊరి నడుమ రావిచెట్టు క్రింద అరుగు రచ్చబండ. అక్కడ పెద్దమనుషులు కూర్చుని ఇరువురి మాటలు వినేవారు. ఇంటి సంగతి రచ్చకెక్కింది అని మనవారు నేటికిని సిగ్గుపడుచూ చెప్పుకొంటారు. రచ్చకెక్కకముందు ఇంటిలో మాట్లాడుకొనుట మొదటి మెట్టు, రచ్చ రెండవ మెట్టు అని ఆ మాటలోనే ఉన్నది. మత్తయి సువార్త పదునెనిమిదవ అధ్యాయములో ప్రభువు చెప్పిన వరుస కూడ ఇదే. మొదట నీవే ఒంటరిగా వెళ్ళి మాట్లాడు, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకొని వెళ్ళు, అప్పటికిని కాకపోతే సంఘమునకు చెప్పు. మన సంఘస్థులు చాలమంది ఈ మూడవ మెట్టుతో మొదలు పెడతారు. మేమును ఆ చింతచెట్టు విషయములో అదే చేశాము.

1800లో నైజాము ప్రభువు కడప, అనంతపురము, బళ్ళారి ప్రాంతములను, కర్నూలు జిల్లాలోని కొంత భాగమును ఇంగ్లీషు కంపెనీకి దత్తము చేసినప్పుడు, ఆ సీమకు ప్రధాన కలెక్టరుగా వచ్చినవారు థామస్ మన్రో దొరగారు. 1807 వరకు ఏడు సంవత్సరములు ఆయన డేరాలలో నివసించుచు పల్లె పల్లె తిరిగి, తెలుగులో రైతులతో మాట్లాడారు. ఆ సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకొనిన సంగతి మన పాఠకులు వినియే యుందురు. ఆ కాలమున కంపెనీ వారు బంగాళములో వలెనే 1802 నుండి చెన్నపట్టణపు రాజధానిలోను జిల్లా కోర్టులు పెట్టుచున్నారు. ఆ కోర్టులు ఊరికి దూరము. అక్కడి జడ్జీకి ఊరి భాష రాదు. ఖర్చు మోపెడు. వ్యాజ్యము ఏండ్ల తరబడి సాగేది. కరవు సీమ రైతు పది రూపాయల బాకీ కొరకు అరువది మైళ్ళు నడిచి వెళ్ళి కోర్టు వరండాలో నెలలు కూర్చోగలడా? మన్రో గారు దీనిని కంటితో చూచినవారు గనుక, మన దేశపు పంచాయతీని మరల నిలబెట్టవలెనని పై అధికారులకు పదే పదే వ్రాశారు. 1814లో న్యాయ విధానమును సంస్కరించుటకు ఏర్పడిన కమీషనుకు పెద్దగా ఆయన మరల చెన్నపట్టణము వచ్చారు. 1816లో ఆయన ఆలోచనల ప్రకారము అనేక రెగ్యులేషనులు వచ్చినవి. గ్రామ పెద్ద గ్రామ మునసబు అయి చిన్న వ్యాజ్యములు విచారించవచ్చును. ఇరుపక్షములు ఒప్పుకొని వ్రాసి ఇచ్చినట్లయితే గ్రామ పంచాయతీ ఎంత విలువగల వ్యాజ్యమునైనను తీర్చవచ్చును. జిల్లాలకు దేశీయ మునసబులను నియమించారు.

తరువాత జరిగినది ఆలోచించదగినది. జిల్లా మునసబుల యొద్దకు జనము గుంపులు గుంపులుగా వెళ్ళారు. మన్రో గారు అంతగా ప్రేమించిన పంచాయతీ గడప మాత్రము తొక్కినవారు బహు కొద్దిమంది. ఆయన 1820లో చెన్నపట్టణపు గవర్నరుగా తిరిగి వచ్చినను ఆ స్థితి మారలేదు. 1827 జులై 6న కర్నూలు సీమలోని పత్తికొండ యొద్ద కలరా సోకి చనిపోయే నాటికి, కాగితము మీద పంచాయతీ ఉన్నది, చెట్టు క్రింద మాత్రము లేదు.

ఎందుకు అని చరిత్రకారులు ఎన్నో కారణములు చెప్తారు. మేము పండితులము కాము గాని, మా తలంపు ఇది: చెట్టు క్రింద పెద్దమనిషి మాట చెల్లినది అతని చేతిలో రెగ్యులేషను ఉన్నందుచేత కాదు. ఇరువురును తమంతట తాము వచ్చి అతని యెదుట కూర్చున్నందుచేత. దానిని పత్రములతో, నిబంధనలతో సర్కారు పనిగా చేయగానే, పెద్దమనిషికి అది వెట్టి అయినది, వ్యాజ్యగానికి అది మరియొక కోర్టు అయినది. కోర్టే కావలసి వస్తే అధికారము గల మునసబు ఉండనే ఉన్నాడు గదా. గ్రామ మునసబు పదవి మాత్రము నిలిచి, వంశ పారంపర్యమై, కరణముతో జతగా ఆంధ్ర దేశములో 1984లో రద్దగు వరకు సాగింది. ఆ మునసబు, కరణముల చేతిలో న్యాయము ఎట్లుండెడిదో మన పల్లెల ముసలివారు ఇంకను చెప్పగలరు.

ఇక్కడ మన సంఘ చరిత్ర వస్తుంది. మన్రో గారు రచ్చబండను కొనియాడి వ్రాసినప్పుడు ఒక సంగతి ఆయన లెక్కలోనికి వచ్చినట్లు కనబడదు. రచ్చబండ మీద కూర్చున్నవారు ఎవరు? దాని క్రింద దూరముగా చేతులు కట్టుకొని నిలబడినవారు ఎవరు? మన సంఘస్థులలో ఎక్కువమంది తాతముత్తాతలు మాలపల్లె నుండి, మాదిగపల్లె నుండి వచ్చినవారు. ఆ అరుగు మీద కూర్చుని మాట్లాడు హక్కు వారికి ఏనాడును లేదు. తమలో తమకు కుల పెద్దలు ఉన్నారు, వారి పంచాయతీలు వారికి ఉన్నవి. కాని ఊరితో తగవు వచ్చినప్పుడు వారికి దొరికినది మధ్యవర్తిత్వము కాదు, తీర్పు మాత్రమే. తెలంగాణములో గడిలోని దొర చేసిన పంచాయతీ కూడ ఇట్టిదే. ఇరుపక్షముల యొద్దను దండుగ తీసికొని, ఇరువురిని అప్పుల పాలు చేసి పంపించేవాడు. దానిని పంచాయతీ అని పిలిచినంత మాత్రాన అది సమాధానము కాదు. రచ్చబండను గురించి మనవారు కొందరు కమ్మగా పాటలు కట్టి పాడునప్పుడు మాకు ఇది జ్ఞాపకము వస్తుంది.

1866లో ఒంగోలు చేరిన జాన్ క్లౌ దొరగారి సంగతి మనకందరకు తెలిసినదే. 1876 - 78 సంవత్సరముల ధాత కరవులో బకింగుహాము కాలువ పని కంట్రాక్టు తీసికొని వేలమందికి కూలి చూపించారు. 1878 జులై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ తీరమున ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఈ సంఖ్య మన సండే స్కూలు పిల్లలకు కూడ నోటికి వచ్చును. అయితే ఆ మరుసటి దినము నుండి పల్లెలలో ఏమి జరిగెనో మనము అంతగా చెప్పుకొనము. విశ్వాసులు చచ్చిన పశువు మాంసము తినము అన్నారు, జాతరలలో డప్పు కొట్టము అన్నారు, ఆదివారము పని చేయము అన్నారు. ఈ మూడును ఊరితో తగవులే. ఊరివారు బావి నీళ్ళు కట్టారు, కూలి మాన్పించారు. క్లౌ గారి జీవిత చరిత్ర ఆయన మరణానంతరము 1914లో ఆయన భార్య కలము నుండి వెలువడింది. మాదిగపల్లెలలోని పాత పెద్దరికమును ఆయన తీసివేయక, ఆ పెద్దలనే సంఘమునకు పెద్దలుగా నిలిపి వారి ద్వారానే పని జరిగించెనని దానిలో చదువుతాము. దొరగారి బంగళా యెదుట వేపచెట్టు క్రింద కూర్చుని పది ఊళ్ళ పెద్దలు తమ తగవులు తామే మాట్లాడుకొనుట ఆ కాలమున చిన్న విషయము కాదు. నిన్నటి వరకు చేతులు కట్టుకొని నిలబడినవాడు నేడు కూర్చున్నాడు. కూర్చుని ‘నీ మాట కూడ చెప్పు’ అని అవతలివానిని అడుగుచున్నాడు.

ఇదే పని దక్షిణమున కడప సీమలోని లండన్ మిషను పల్లెలలోను, ఉత్తరమున మెదకు మెథడిస్టు పల్లెలలోను ఏదో ఒక రూపమున జరిగింది. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తులైన అజరయ్య అధ్యక్షులు దోర్నకలులో పల్లె విశ్వాసుల చేతికి సంఘ పరిపాలనను అప్పగించవలెనని పట్టుబట్టినవారు. ఉపదేశి ఇంటి అరుగు, తరువాత గుడి అరుగు, మన వారికి రచ్చబండ అయినవి.

అంతమాత్రముచేత గుడి అరుగు మీద అన్నియు చక్కగా జరిగినవని మేము చెప్పము. మేము పనిచేసిన ఒక పాస్టరేటులో బీరువా అడుగున చెదలు సగము తినిన ఒక మినిట్సు పుస్తకము దొరికింది. దానిలో తప్పులు కట్టించిన లెక్కలే పుటల కొలదిగా ఉన్నవి. తాగినందుకు ఇంత, భార్యను కొట్టినందుకు ఇంత, వేరొకని మీద కోర్టుకు వెళ్ళినందుకు అంతకు రెట్టింపు! కొందరికి సంస్కారము ఆపివేశారు. కొందరిని గుడి వెనుక కూర్చోబెట్టారు. పాస్టరును, ఉపదేశిని జడ్జీలుగా చేసి మన పెద్దలు మునసబు కచేరిని గుడిలోనికి తెచ్చారు. భార్యను కొట్టినవాడు కట్టిన తప్పు సొమ్ము గుడి దీపము నూనెకు జమ అయినది. దెబ్బలు తిన్న ఆమె మాట ఆ పుస్తకములో ఒక్క వరుస కూడ లేదు.

స్త్రీల మాట వచ్చినది గనుక చెప్తాము. రచ్చబండ మీద స్త్రీ లేదు, మన పాత పాస్టరేటు కమిటీలలోను లేదు. కాని తగవులు తీర్చిన వారిలో మన బైబిలు స్త్రీల పేర్లు వ్రాస్తే ఒక సంచిక చాలదు. వారు కమిటీ కూర్చోబెట్టలేదు. చేతిలో సంచి, సంచిలో పుస్తకము, వంటింటి గడప మీద కూర్చుని అత్త చెప్పినది విని, ప్రొద్దు గడిచిన తరువాత కోడలు చెప్పినది విని, ఒకరి మాటలోని విషము తీసివేసి రెండవ వారికి చేరవేయుదురు. ఇరుగు పొరుగు తగవులలో మధ్యవర్తికి కావలసిన విద్య ఇంతకంటె ఏమున్నది? ఏ రెగ్యులేషను వారిని నియమించలేదు, ఏ నివేదిక వారిని లెక్కించలేదు.

మన ప్రాచీన మార్గము ఇట్లుండగా దూరదేశమందు సంఘస్థులు చేసిన ఒక పనిని కూడ చెప్పవలెను, ఎందుకనగా దానిని మొదలు పెట్టినవారు మనకు పరాయివారు కారు. మహబూబునగరము, నల్లగొండ సీమలలో పనిచేసిన మెన్నొనైటు మిషను వారిని తెలంగాణపు పాఠకులు ఎరుగుదురు. రష్యా దేశము నుండి వచ్చిన అబ్రాహాము ఫ్రీజన్ దంపతులు 1889లోనే ఇక్కడకు చేరారు. ఆ సంఘమునకే చెందిన మార్క్ యాంట్సి అను యువకుడు 1974లో కెనడా దేశమున నేరస్థులను కనిపెట్టి చూచు ప్రొబేషను ఉద్యోగములో ఉన్నాడు. ఎల్మైరా అను చిన్న పట్టణములో ఇద్దరు కుర్రవాళ్ళు ఒక్క రాత్రి తాగి ఇరువది రెండు చోట్ల కిటికీలు, బండ్లు ధ్వంసము చేశారు. వారిని జైలుకు పంపుటకంటె, వారు పాడుచేసిన ప్రతి యింటికి వెళ్ళి ఆ యింటివారిని ముఖాముఖి చూచి మాట్లాడితే ఎట్లుండునని యాంట్సియు అతని స్నేహితుడును న్యాయాధిపతికి సూచించారు. న్యాయాధిపతి ఒప్పుకొన్నాడు. ఆ కుర్రవాళ్ళు తలుపు తట్టి తట్టి తమ తప్పు చెప్పుకొన్నారు, నష్టము ఎంతో అడిగి తెలిసికొన్నారు, కొన్ని నెలలలో చెల్లించారు. ఇప్పుడు అనేక దేశములలో ఈ పద్ధతి నడుచుచున్నది. మన పల్లె ఉపదేశికి ఇది వింతగా తోచదు. పొరుగువాని గడ్డివాము తగులబెట్టిన పిల్లవానిని చెయ్యి పట్టుకొని ఆ యింటికి తీసికొని వెళ్ళుట అతనికి అలవాటైన పనియే.

మన దేశములో ప్రభుత్వము కూడ తిరిగి ఈ దారికి వచ్చింది. గుజరాతులోని రంగపూరులో హరివల్లభ పరీఖ్ గారు 1949 నుండి ఆదివాసుల నడుమ లోక్ అదాలతు నడిపారు. ఆ రాష్ట్రములోనే ఊనా అను చోట 1982 మార్చి 14న న్యాయశాఖ వారి పూనికతో లోక్ అదాలతు జరిగింది. 1987లో న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టము వచ్చి, 1995 నవంబరు 9 నుండి అమలైనది. లోక్ అదాలతులో రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానము, దానిమీద అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు తిరిగి ఇస్తారు. ఆ చట్టము క్రింద స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులముల, తెగల వారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయ సహాయము దొరుకును. మన పాస్టర్లు ఈ సంగతిని ప్రకటనలలో చదివి వినిపించుట మంచిది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వును బట్టి క్రైస్తవులమని వ్రాయించుకొన్న మన పురుషులు షెడ్యూల్డు కులముల లెక్కలోనికి రారు. స్త్రీలకు ఆ అడ్డు లేదు.

2023లో పార్లమెంటు మధ్యవర్తిత్వ చట్టము చేసింది. దానిలో ఒక అధ్యాయము సామాజిక మధ్యవర్తిత్వమునకే కేటాయించారు. ఒక ప్రాంతములోని నివాసుల నడుమ, కుటుంబముల నడుమ శాంతికి భంగము కలిగించగల తగవును, ఇరుపక్షములు ముందుగా ఒప్పుకొన్నప్పుడు, ముగ్గురు మధ్యవర్తుల యెదుట పెట్టవచ్చును. ఆ మధ్యవర్తులు ఆ ప్రాంతమున మంచి పేరు గలవారు, నిజాయితీపరులు, సంఘసేవ చేసినవారు కావలెనని, వారిలో స్త్రీలకు స్థానము ఉండవలెనని చట్టము చెప్పుచున్నది. సమాధానము కుదిరితే వ్రాసి సంతకములు పెట్టించాలి. కాని ఆ కాగితము కోర్టు డిక్రీగా అమలు కాదు. ఇది చదివి ఒక వకీలు మిత్రుడు మాతో, “ఇంకేమి, పళ్ళు లేని చట్టము!” అన్నాడు. మేము మన్రో గారి పంచాయతీ కథ చెప్పాము. పళ్ళు పెట్టగానే కదా అది కరవబోయి నోరు పోగొట్టుకొన్నది! ఒప్పందము నిలుచునది జప్తు భయము చేత కాదు, ఆ ఊరిలో మరునాడు మరల ఒకరి ముఖము ఒకరు చూడవలసి యున్నందుచేత. మిత్రుడు ఒప్పుకొనలేదు. డిక్రీ లేకపోతే బలవంతుడు మాట తప్పినప్పుడు బలహీనునికి దిక్కెవరు అన్నాడు. అతని మాటలో కూడ నిజము లేకపోలేదు.

ఆ నిజము మన వారికి రక్తముతో తెలిసినది. 1985 జులై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో దళితులపై జరిగిన హత్యలు మన సంఘముల మీద పడిన దెబ్బలు. కారంచేడు పల్లె విడిచి చీరాలలో తలదాచుకొన్నవారికి కావలసినది పెద్దమనుషుల రాజీ కాదు. న్యాయస్థానము. ప్రాణము తీసినవాడు, స్త్రీని చెరచినవాడు, పసిపిల్లకు పెండ్లి చేసినవాడు, వీరి విషయము గుడి అరుగు మీదికి తేకూడదు. తెచ్చిన పాస్టరు సమాధానపరచువాడు కాడు, నేరమును దాచినవాడు. భర్త చేత దెబ్బలు తిని రక్తము కారుచు పాస్టరు ఇంటికి వచ్చిన ఆడపడుచును, సర్దుకొనిపొమ్మని వెనుకకు పంపిన సంగతులు మన డయాసిసులో లేవని ఎవరైనను గుండె మీద చెయ్యి వేసికొని చెప్పగలరా? మధ్యవర్తిత్వము సమానులుగా కూర్చోగల ఇద్దరి నడుమ పనిచేయును. ఒకని చేతిలో కర్ర, రెండవ వాని చేతిలో గాయము ఉన్నప్పుడు మొదట కర్ర లాగివేయవలెను. దానికి పోలీసులు ఉన్నారు, కోర్టులు ఉన్నవి.

అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక ఆరవ అధ్యాయమును మన పెద్దలు కోర్టుకు వెళ్ళిన బీదవాని మీద ప్రయోగించారు. అదే అధ్యాయమును తమ మీద ఎప్పుడును చదువుకొనలేదు. సంఘపు ఆస్తుల కొరకు, కమిటీ ఎన్నికల కొరకు మన నాయకులే కోర్టు వరండాలలో కూర్చున్న కాలములు ఉన్నవి. ఆ వ్యాజ్యములకు అయిన ఖర్చుతో ఎన్ని పల్లె గుడులకు కప్పు వేయవచ్చునో లెక్క కట్టుట మా పని కాదు. శతవార్షికోత్సవమున కఠినముగా మాట్లాడుచున్నామని పెద్దలు అనుకొనవద్దు. గట్టు తగవుతో వచ్చిన రైతుకు ఆ అధ్యాయము చూపించుటకు మాకు నోరు రావడము లేదని మాత్రమే మనవి.

ఇక చింతచెట్టు సంగతి.

కొమ్మలు నరికిన తరువాత పోలీసు కేసు పెట్టుటకు తమ్ముడు సిద్ధమైనాడు. మేము సిగ్గుతో చేతులు ముడుచుకొని కూర్చున్నాము. ఆ పల్లెలో పని మానుకొన్న ఒక వృద్ధ బైబిలు స్త్రీ ఉన్నది. ఆమె ఒక సాయంకాలము మా యింటికి వచ్చి, “అయ్యగారూ, మీరు చెట్టు సంగతి అడిగారు గాని వాళ్ళ సంగతి అడగలేదు” అన్నది. ఆమె సలహా మీద ఇద్దరినీ గుడికి పిలువలేదు. చెట్టు యొద్దకే వెళ్ళాము. చాప పరచినది ఆమె. కూర్చున్నవారము ఐదుగురము. ఆమె పెట్టిన నియమము ఒక్కటే, ఒకడు మాట్లాడునప్పుడు రెండవవాడు నోరు ఎత్తకూడదు. మాకు కూడ అదే నియమము అన్నది. అది మాకు మిక్కిలి కష్టముగా ఉండెను.

మొదటి గంట అంతయు గట్టు, కొలత, చింతపండు లెక్కలే. తరువాత తమ్ముడు ఉన్నట్టుండి ఏడ్చాడు. నాయన చనిపోయిన నాడు తాను హైదరాబాదులో కూలి పనికి వెళ్ళి ఉన్నాడట. బస్సు దిగి వచ్చేసరికి సమాధి చేసివేశారట. నా కొరకు ఒక పూట ఆగలేదు, పిడికెడు మన్ను వేయనివ్వలేదు, సమాధి రాతి మీద పెద్ద కొడుకు పేరు మాత్రమే చెక్కించారు, అన్నాడు. అన్న చాలసేపు మాట్లాడలేదు. ఎండాకాలము, శవము ఆగలేదు, ఊరివారు తొందర పెట్టారు, రాయి చెక్కించుటకు నా యొద్ద ఉన్న డబ్బుకు అన్ని అక్షరములే వచ్చినవి, అన్నాడు. అక్షరమునకు ఇంత అని లెక్క అట. ఆ సంగతి తమ్మునికి మూడు సంవత్సరములలో ఎవరును చెప్పలేదు. అతడు అడుగలేదు.

చెట్టు ఎవరిదని ఆ సాయంకాలము ఎవరును తేల్చలేదు. ఒక సంవత్సరము కాపు అన్నది, మరుసటి సంవత్సరము తమ్మునిది అని వారే అనుకొన్నారు. ఆ సంవత్సరపు చింతపండు అమ్మిన డబ్బుతో సమాధి రాతి మీద తమ్ముని పేరు చెక్కించుటకు అన్న ఒప్పుకొన్నాడు. నరికిన కొమ్మలు వంటచెరకుగా బైబిలు స్త్రీ ఇంటికి వేయుమని ఇద్దరూ అన్నారు, ఆమె వద్దనలేదు. తెల్లకాగితము మీద ఆరు వరుసలు వ్రాసి ఇద్దరి చేతను సంతకములు పెట్టించాము. దాని మీద స్టాంపు లేదు, సీలు లేదు. ఆ కాగితము నేటికిని ఆ పల్లె గుడి పెట్టెలో, బాప్తిస్మపు రిజిస్టరు క్రింద ఉన్నది.

మేము అక్కడ నుండి బదిలీయై వచ్చి పది సంవత్సరములు దాటినది. ఆ బైబిలు స్త్రీ ప్రభువునందు నిద్రించింది. మొన్న ఒక పెండ్లికి ఆ పల్లె వెళ్ళినప్పుడు గట్టు మీదికి పోయి చూచాము. నరికిన చోట క్రొత్త కొమ్మలు బాగుగా సాగినవి. ఈ ఏడు కాపు ఎవరిదని అడిగితే, తమ్ముని కుమారుడు కొంచెము ఆలోచించి, “పెదనాయనది” అన్నాడు.